మిగిలిన అన్నం ఎవరిది? (మన పల్లెల చరిత్ర – 11వ భాగం)



పోయిన భాగంలో కారంచేడు చెరువు నీళ్ళ దగ్గర ఆగాం. ఈసారి పోలేరమ్మ గుడి భూముల గురించి రాస్తానని చెప్పాను గానీ, మధ్యలో ఒక విషయం అడ్డం వచ్చింది. అది అన్నం సంగతి.

మా కాలేజీలో కొందరు పిల్లలు ఆదివారం ఆదివారం ఒక పని చేస్తున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి వచ్చే పిల్లలు వీళ్ళు. ఇళ్ళల్లో కాస్త ఎక్కువ వండించి, క్యారియర్లలో సర్దుకొచ్చి, ఆసుపత్రి దగ్గర రోగులకు తోడుగా వచ్చినవాళ్ళకు, స్టేషన్ బయట పడుకునేవాళ్ళకు పంచుతారు. మంచి పని. నాకూ చెప్పారు, నేనూ రెండుసార్లు వెళ్ళాను. వేడి అన్నం, పప్పు, ఒక వేపుడు, మజ్జిగ పొట్లం. తిన్నవాళ్ళ మొహాలు చూస్తే ఇంకేం రాయబుద్ధి కాదు.

మూడో వారం సెకండియర్ అమ్మాయి ఒకతె నా దగ్గరకొచ్చింది. మన పల్లె పిల్లే. "సార్, నేను కూడా మా ఇంట్లోంచి అన్నం తెస్తానన్నాను. నువ్వు పంచడానికి రా చాలు, అన్నం మేం తెస్తాంలే అన్నారు" అంది. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆ పిల్లకు ఖర్చెందుకని అని ఉండొచ్చు. అలాగే అనుకుందాం. కానీ ఆ పిల్ల మొహంలో నేను చూసింది ఖర్చు మిగిలిందన్న సంతోషం కాదు.

అందుకే చరిత్రలోకి వెళ్తున్నాను. మిగిలిన అన్నం ఎటు నుంచి ఎటు నడిచిందో చూడకుండా ఆ పిల్లకు జవాబు చెప్పలేను.

మనం కూర్చున్న ఈ నేల మీద మిగులు అన్నమాటకు వయసు నూట డెబ్బై ఏళ్ళే. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఒక కరువు ఊడ్చేసింది. డొక్కల కరువన్నారు దాన్ని, మనుషులకు డొక్కలు తప్ప ఏమీ కనపడలేదు గనక. జిల్లాలో ఉన్న ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చచ్చిపోయారని అంచనా. అప్పుడు ఎవరింట్లో ఏం మిగులుతుంది? ఆ తర్వాత 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్వారు. తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు నీళ్ళొచ్చాయి. తవ్వింది ఎవరు, తట్ట మోసింది ఎవరు అని పుస్తకాలు పెద్దగా చెప్పవు. కాటన్ దొర విగ్రహాలు మాత్రం ఊరూరా ఉన్నాయి. ఉండనీండి.

నీళ్ళొచ్చాక వరి వచ్చింది, వరి వెనక రైసు మిల్లులు, మిల్లుల వెనక మేడలు, సినిమా హాళ్ళు, నాటక సమాజాలు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. ఆ వరి నాటింది, కలుపు తీసింది, కోసింది, కుప్ప వేసింది, నూర్చింది మన అవ్వలూ తాతలూ. ధాన్యం గాదెలోకి పోయాక వాళ్ళకు మిగిలింది కళ్ళం అడుగు, చేలో రాలిన పరిగె. మన యానాది బంధువులకైతే ఎలుక కన్నం. ఎలుక దాచుకున్న వడ్లను తవ్వి తీసుకుని దంచుకునేవాళ్ళు. డెల్టాలో పండిన గింజకు ఆఖరి హక్కుదారు ఎవరయ్యా అంటే ఎలుక తర్వాత యానాది.

ఇక వండిన అన్నం దగ్గరకొద్దాం. నేను తెలుగు పంతుల్ని, పిహెచ్‌డీ కూడా తెలుగు సాహిత్యంలోనే. కాబట్టి మాటలు పట్టుకుంటాను, ఓర్చుకోండి.

ఒక ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు, కూర ఇంకో మనిషికి ఇవ్వడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. బ్రాహ్మణుడికి ఇస్తే అది స్వయంపాకం. బియ్యం, కందిపప్పు, కూరగాయలు, నెయ్యి పచ్చివిగా ఇవ్వాలి. ఎందుకు పచ్చివి? మీరు వండింది ఆయన తినడు గనక. పేద బ్రాహ్మణ కుర్రవాడు వేదమో ఇంగ్లీషో చదువుకోవడానికి ఊరొస్తే, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. అవి వారాలు. జోలె పట్టుకుని తన కులం ఇళ్ళల్లోనే వండిన అన్నం ఎత్తుకుంటే అది మధూకరం. తేనెటీగ పువ్వు పువ్వు దగ్గరా కాస్త కాస్త తీసుకున్నట్టు అని. ఎంత అందమైన మాట! చదువుకున్న పెద్దమనుషులు ఎందరో తమ జీవిత చరిత్రల్లో వారాలు చేసుకుని చదువుకున్నామని గర్వంగా రాసుకున్నారు. గర్వపడాల్సిందే. ఆ పేదరికం నిజం, ఆ ఆకలీ నిజం, అన్నం పెట్టిన ఆ తల్లుల దయా నిజం.

చాకలివాళ్ళు సాయంత్రం పూట ఇల్లిల్లూ తిరిగి గంపలో అన్నం, కూర ఎత్తుకునేవాళ్ళు. అది వాళ్ళు ఉతికిన బట్టల కూలిలో భాగం. కానీ దాన్ని కూలి అనలేదు, పెట్టడం అన్నారు.

మరి మాల మాదిగలకు పెట్టినదాన్ని ఏమన్నారు? చద్ది. ఎంగిలి. మిగిలింది. పెళ్ళిళ్ళలో అయితే ఆఖరి బంతి, చాలాసార్లు అదీ కాదు, బంతి లేచాక పారేసిన విస్తళ్ళు. పంక్తిలో వలపక్షం పనికిరాదని మన తెలుగువాళ్ళకొక సామెతలాంటి మాట ఉంది. పంక్తిలో కూర్చోబెడితే కదా వలపక్షం సంగతి!

ఆకలి ఒకటే. పొయ్యి ఒకటే. కుండలో ఉన్నదీ ఒకటే అన్నం. పైకి పోతే పచ్చిదిగా, దక్షిణతో పోతుంది. పక్కకు పోతే తేనె అవుతుంది. కిందికి పోతే ఎంగిలి అవుతుంది. వండిన అన్నం ఎప్పుడూ పల్లానికే పారింది, కాలవ నీళ్ళలాగా. కింద నుంచి పైకి పారిన అన్నం మన ఊళ్ళ చరిత్రలో నాకు కనపడలేదు. పల్లె నుంచి ఊళ్ళోకి పోయింది ధాన్యం, పాలు, చెమట. ధాన్యానికి అంటు లేదు, అదే ధాన్యం మా అమ్మ ఉడకబెడితే అంటు.

మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లె. ఆమె చిన్నప్పుడు ఆసామి ఇంటి దొడ్డి గుమ్మం దగ్గరకు సత్తు గిన్నె పట్టుకుని వెళ్ళేదట. గిన్నె కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. ఆసామి గారి భార్య పైనుంచి అన్నం వేసేది. "ఆవిడ మంచిది నాన్నా, గట్టి పెరుగు కూడా వేసేది" అని చెప్పేది అమ్మమ్మ. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఈ మాట వింటే మండిపోయేది. ఆవిడ మంచిదేంటి అమ్మమ్మా అని పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు పోట్లాడను. ఆవిడ నిజంగానే మంచిది అయ్యుంటుంది. ఆ మంచితనం అంతా ఆ రెండడుగుల ఇవతల ఆగిపోయింది, అంతే.

అంబేద్కర్ ఈ సంగతి మీద చాలా సూటిగా రాశారు. ఊళ్ళల్లో అంటరానివాళ్ళు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కోవడాన్ని ఒక హక్కుగా, ఆనవాయితీగా మార్చేశారని, అది వాళ్ళ బతుకుతెరువులో, జీతంలో భాగంగా లెక్కలోకి వచ్చేసిందని ఆయన వివరించారు. ఇది గమనించండి తమ్ముళ్ళూ. దయగా కనిపించేది నిజానికి కూలి ఎగ్గొట్టే పద్ధతి. గిన్నెడు చద్దన్నం వేస్తే శేరు గింజలు తక్కువ కొలవచ్చు. పాలేరు ఎదురు తిరిగితే ఆ రాత్రి పిల్లలకు అన్నం ఉండదు. 1927 మార్చిలో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం, పారేసిన ఎంగిలి ముట్టవద్దని బాబాసాహెబ్ చెప్పింది శుభ్రత పాఠం కాదు. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో తన ఆత్మకథకు 'జూఠన్' అని పేరు పెట్టుకున్నారు. ఎంగిలి అని అర్థం. ఒక మనిషి తన జీవితం మొత్తానికి పెట్టుకున్న పేరు అది. ఉత్తరప్రదేశ్ అయినా రేపల్లె అయినా దొడ్డి గుమ్మం ఒకటే.

అయితే మన పల్లెలు తీసుకోవడం తప్ప ఎరగవా? ఇక్కడే చరిత్ర మనల్ని మోసం చేసింది. మన ఇళ్ళల్లో ఇచ్చిన అన్నం లెక్కను ఎవరూ రాయలేదు.

మీలో చర్చి పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు గుప్పెడు బియ్యం సంగతి తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు, కుండలో పోయాల్సిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి పోతుంది. పాస్టరు గారి పొయ్యికి కొంత, పల్లెలో విధవలకు, మంచాన పడ్డవాళ్ళకు కొంత. ఇందులో చూడాల్సింది ఏంటంటే, ఇది మిగిలింది కాదు. తినకముందు, వండకముందు తీసింది. అర్ధశేరు వండే ఇంట్లో గుప్పెడు తీస్తే ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది. సాధారణంగా అది అమ్మకే తగ్గుతుంది. (దీని మీద మన మగవాళ్ళం మాట్లాడేటప్పుడు కాస్త సిగ్గుపడాలి. దానం పల్లెది, పస్తు ఆడవాళ్ళది.)

1977 నవంబర్ 19 తుపాను గురించి మీ తాతల్ని అడగండి. దివిసీమ ఉప్పెన అంటాం గానీ రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరం కూడా కొట్టుకుపోయింది. మొత్తం మీద పది వేలమందికి పైగా పోయారు. బాపట్లలో తలదాచుకుందామని ఒక చర్చిలోకి వెళ్ళిన వందమంది దాకా ఆ చర్చి కూలి చనిపోయారు. ఆ తర్వాత వారాల తరబడి ఈ ప్రాంతం బతికింది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పులిహోర పొట్లాల మీద. పులిహోర ఎందుకంటే ఒక రోజు ఆగినా పాడవదు. పొట్లం కట్టినవాళ్ళ కులమేంటో విప్పినవాళ్ళకు తెలియదు. ఉప్పెన వస్తే గానీ ఎవరు వండారో అడక్కుండా తినే రోజు రాలేదు మనకు. నీళ్ళు తీశాక మళ్ళీ ఎవరి బావి వాళ్ళదే.

ఇప్పుడు చుండూరు.

1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, మాలపల్లెను వెలేశారు. పొలం పనులకు పిలవలేదు. డెల్టాలో జూలై, ఆగస్టు అంటే నాట్ల రోజులు, ఏడాది తిండికి కూలి దొరికే రోజులు. సరిగ్గా అప్పుడు. వెలి అంటే పొయ్యి ఆర్పడం. కత్తులు ఆగస్టు 6న వచ్చాయి గానీ యుద్ధం నెల ముందే కుండ మీద మొదలైంది. ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. వరికి నీళ్ళిచ్చిన కాలవ వ్యవస్థే అది. పల్లె పల్లె అంతా కట్టుబట్టలతో తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో చేరింది.

అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు కూడా ఇలాగే మాదిగపల్లె అంతా చీరాల చేరింది. కొందరు మళ్ళీ ఆ ఊరికి వెళ్ళనే లేదు. ఈ శిబిరాల గురించి మనం చదివేదంతా ఉపన్యాసాలు, తీర్మానాలు, నాయకుల పేర్లు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళ పేర్లు ఉండాలి, ఉంటాయి. కానీ వందల మంది నెలల తరబడి ఒక చోట ఉంటే పొద్దున లేచి ఏం తిన్నారు? ఈ ప్రశ్న నేను పరిశోధన చేసేటప్పుడు నాకు తట్టలేదు. సాహిత్యంలో డాక్టరేటు చేసినవాడికి ఆకలి ఒక ప్రతీకగా కనిపిస్తుంది, అదొక జబ్బు.

అమ్మమ్మ చెప్తే తెలిసింది. 1991 ఆగస్టులో ఆమె, పల్లెలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి వెళ్ళారు. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో మూట. తెల్లవారుజామున లేచి వండిన అన్నం, పైన గోంగూర పచ్చడి, ఉల్లిపాయలు. ఒక మూటలో బియ్యం, అవి గుప్పెడు బియ్యం డబ్బాలోవే. ఆ వారం పాస్టరు గారే డబ్బా తీసుకెళ్ళమన్నారట. "మనమేం కలవారమా అమ్మమ్మా, మిగిలి తీసుకెళ్ళారా?" అని అడిగాను. "మిగలడమేంట్రా, ఆ పూట మేం గంజి తాగాం" అంది. అక్కడ శిబిరంలో గిన్నె కింద పెట్టి ఎవరూ వెనక్కి జరగలేదు. అమ్మమ్మ వడ్డించి, వాళ్ళతో పాటే కూర్చుని తిని వచ్చింది. ఆమె జీవితంలో బంధువులు కానివాళ్ళకు వడ్డించడం అదే మొదటిసారి. దొడ్డి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి వడ్డించే మనిషి అయిన రోజు అది. నేను ఏ తీర్మానంలోనూ చదవలేదు దీన్ని.

కేసు సంగతి మీకు తెలిసిందే. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు ఆ జనం. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద వేరే భాగం రాస్తాను, ఇక్కడ రెండు వాక్యాల్లో పట్టదు.

మన పిల్లలకు ఇంకొక ఊరి సంగతి చెప్పాలి. 1969 జనవరిలో అమెరికాలో ఓక్లండ్ అనే ఊళ్ళో, ఒక చర్చిలో, బ్లాక్ పాంథర్లు బడికెళ్ళే నల్లపిల్లలకు పొద్దున్నే టిఫిను పెట్టడం మొదలెట్టారు. తుపాకులు పట్టుకున్న ఫొటోలే మనం చూస్తాం గానీ, ఆ ప్రభుత్వాన్ని ఎక్కువ భయపెట్టిన పనుల్లో ఈ టిఫిను ఒకటి. ఎందుకు? ఆకలిగా ఉన్నవాళ్ళకు పైవాళ్ళు పెడితే అది దానం. ఆకలి తెలిసినవాళ్ళే తమ పిల్లలకు పెట్టుకుంటే, మరి ఇన్నాళ్ళూ ప్రభుత్వం ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న లేస్తుంది. 1975కి అమెరికా ప్రభుత్వమే బడుల్లో టిఫిను పథకాన్ని శాశ్వతం చేయాల్సి వచ్చింది. మహారాష్ట్రలో 1972లో దళిత్ పాంథర్లు ఆ పేరు తీసుకున్నారు.

మన దగ్గర? 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన అన్నమే పెట్టాలంది. 2003 జనవరిలో మన రాష్ట్రంలో మొదలైంది. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు ఇంకో ముక్క చేర్చింది. వంటవాళ్ళుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని. నా దృష్టిలో ఈ దేశంలో అన్నం గురించి వచ్చిన ఆదేశాల్లో అంత పెద్దది లేదు. ఎందుకంటే వేల ఏళ్ళుగా పల్లానికే పారిన అన్నాన్ని మొదటిసారి ఎదురు నడిపించింది. మాదిగ తల్లి వండితే ఊరి పిల్లలు తినాలి. దానికెంత గొడవ జరిగింది, ఎన్ని చోట్ల పిల్లల్ని బడి మాన్పించారు, ఎన్ని చోట్ల వంటమనిషిని మార్చారు అన్నది దేశమంతా పేపర్లలో వచ్చింది, ఇంకా వస్తోంది. దానం తీసుకోవడానికి పనికొచ్చిన చెయ్యి వండడానికి పనికిరాలేదు.

2024లో మన రాష్ట్రంలో ఆ బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలన్న వాడికల్లా అన్నం పెట్టిన తల్లి ఆమె, 1909లో పోయారు. కులం చూడకుండా పెట్టారని చెబుతారు. నాకు ఆమె మీద గౌరవమే. కాకపోతే ఈ రోజు పొగలో నిలబడి ఆ అన్నం వండే వేలమంది తల్లులకు గౌరవ వేతనమని నెలకు 3,000 రూపాయలు ఇస్తున్నారు, 2019 దాకా అదీ వెయ్యే. గౌరవం పేరులోనే ఉంది, వేతనం ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్న క్యాంటీన్లు 2018లో తెరిచి, 2019లో మూసి, 2024లో మళ్ళీ తెరిచారు. ఐదు రూపాయలకు భోజనం. టికెట్ కొని తింటారు గనక అక్కడ ఎవరూ రెండడుగులు వెనక్కి జరగక్కర్లేదు, ఆ మేరకు నాకవి ఇష్టం. కానీ ఎన్నిక మారితే మూతపడే పొయ్యిని హక్కు అనలేం.

ఇక మా పిల్లల దగ్గరకొస్తాను. శుక్రవారం వాళ్ళందర్నీ కూర్చోబెట్టాను. ఉపన్యాసం ఇవ్వలేదు. మీ గ్రూపులో క్యారియర్ తెచ్చేవాళ్ళ పేర్లు ఒక కాయితం మీద, పంచడానికి మాత్రమే వచ్చేవాళ్ళ పేర్లు ఇంకో కాయితం మీద రాయండన్నాను. రాశారు. రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. చాలాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. గ్రూపు నడిపే కుర్రాడు, నిజంగా మంచి పిల్లవాడు, "సార్, మేం అలా అనుకుని చేయలేదు" అన్నాడు. "తెలుసు నాయనా, అనుకుని చేసి ఉంటే నిన్ను ఇక్కడ కూర్చోబెట్టేవాణ్ణి కాదు" అన్నాను.

ఒకమ్మాయి లేచి, "మరి తినేవాళ్ళు ఎవరింటి అన్నమని అడిగితే?" అంది. అడిగారట, ఒకసారి. ఆసుపత్రి వరండాలో ఒక పెద్దాయన, రెండు రోజులుగా సరిగ్గా తినని మనిషి, ప్లేటు పట్టుకుని "ఎవరిళ్ళల్లో వండారమ్మా?" అని అడిగాడట. వీళ్ళు చెప్పేసి పెట్టేశారు, ఆయన తిన్నాడు. ఆ రోజు తెచ్చినవి ఎవరి క్యారియర్లో కాయితం చూస్తే తెలుస్తోంది.

ఆ పెద్దాయన మళ్ళీ అడిగితే ఏం చెప్పాలన్నది వాళ్ళింకా తేల్చుకోలేదు. అబద్ధం చెప్పొద్దని కొందరు, అసలు జవాబే ఇవ్వొద్దని కొందరు, ఆకలిగా ఉన్న ముసలాయనతో పరీక్షలేంటని ఇంకొందరు. మూడో మాట నాకూ గుచ్చుకుంది. నేనూ తేల్చలేకపోయాను. మీరు మీ గ్రూపుల్లో ఏం చేస్తున్నారో కామెంట్లలో రాయండి, వాళ్ళకు చూపిస్తాను.

ఈ ఆదివారానికి ఆ సెకండియర్ అమ్మాయి క్యారియర్ పేరు రాసుకున్నారు. మా ఇంటిది కూడా. ఆమె సాంబారు తెస్తుందట, మేం అన్నం, గోంగూర పచ్చడి.

గుడి భూముల సంగతి వచ్చే వారం.